నడిమి రాయి

మాంత్రికుడు భైరవదత్తుడికి కుమ్మరుల మట్టిగుంట మీద కన్నుపడింది. అక్కడ మఠం కట్టుకుంటానన్నాడు. కుమ్మరులు లబోదిబోమంటే రాజుగారు పందెం పెట్టారు. "ఈ సభలో పరిచిన పలకరాళ్లలో నచ్చినదాని మీద మీలో ఒకరు నిలబడండి. దత్తుడి నిప్పు తగలకపోతే గుంట మీదే."

సింహాసనానికి ఒక్క రాయి ఎడంగా నిలబడి దత్తుడు మీసం తిప్పాడు. "నా నిప్పు ఒక్క రాయితో ఆగదు. అడ్డం మూడు, నిలువు మూడు, ఆ చదరమంతా బూడిదే. అందులో నేనున్నా సరే, వదలదు!"

అతను మంత్రం అందుకున్నాడు. ఇక మంత్రం ముగిసేదాకా అతను కాలు కదపకూడదు.

అప్పుడు కుమ్మరి గురవమ్మ కొంగు బిగించి, తిన్నగా వెళ్లి రాజుకీ దత్తుడికీ నడిమి రాయి మీద నిలబడింది. "కానివ్వండి సామీ."

దత్తుడు మనసులో చదరాన్ని ముందుకీ పక్కకీ జరిపి చూశాడు. దాని చివరి మూల ఆమె కాలికింద పెట్టినా, పక్కరాయి తనదో రాజుగారిదో అవుతోంది. లేచి పరుగెత్తితే పరువు తక్కువని రాజుగారు కూర్చునే చెమటలు కక్కుతున్నారు.

"ఆపవయ్యా! గుంట వాళ్లదే!" అని చివరికి అరిచారు.

తేరుకున్నాక అడిగారు: "నీకు భయం వెయ్యలేదా?"

"ఎందుకేస్తుంది ప్రభూ? నా వంతు భయం కూడా మీరిద్దరే పడ్డారుగా!"