దాలమ్మ మేడ చూసిన రోజు

దగ్గరికి జరగండి. మీరు ఊ కొడితేనే ఈ కథ నడుస్తుంది, కొట్టకపోతే అలిగి కొండెక్కి కూర్చుంటుంది.

మన తాతల తాతలకు కూడా తాతలున్న కాలంలో, ఒక కొండ మీద ఒక తెల్లటి మేడ ఉండేది. అది దేశపెద్ద మేడ. రాజు కొడుకని రాజైనవాడు కాదాయన, జనమే చేతులెత్తి ఎన్నుకున్న పెద్ద. చాలాకాలం దేశాన్ని ఏలాడు. ఏలుబడి దిగిపోయాక ఆ కొండ మీదికొచ్చి నారింజ తోట వేయించాడు, పూలమడులు వేయించాడు. వేయించింది ఆయన. వేసింది కొండ కింద పాకల్లోని జనం.

ఆ జనంలో దాలమ్మ ఒకతి. ఆమె అయ్య మేడకు రాళ్లు మోశాడు. అమ్మ మడులు తవ్వింది. దాలమ్మ వాగులో కుండ ముంచి, కొండెక్కి, మొక్కలకు నీళ్లు పోసేది. పోస్తూ పోస్తూ పిల్లల తల్లయింది. పోస్తూ పోస్తూ ముసలిదైంది. మేడ మెట్టు మాత్రం ఎక్కలేదు. పనివాళ్లు ఎక్కకూడదని అక్కడి కట్టడి.

కొన్నాళ్లకు దేశపెద్ద పోయాడు. ఆయన కొడుకు జగ్గారావు దొర, "మా నాన్నగారి మేడ వచ్చి చూసుకోండి" అని ఊరూరా చాటింపు వేయించాడు. బళ్లు కట్టుకుని జనం వచ్చారు. మేడెక్కి, వసారాలోంచి కిందికి చూసి "ఆహా!" అనేవారు. ఆ మాట మడిలో వంగి ఉన్న దాలమ్మ చెవిన పడేది.

"ఏటి సూసి ఇంత మురిసిపోతన్నారో!" అనుకునేది. ఆ ఆశ పుట్టాక ఆమెకు కూడు సయించలేదు.

ఒకనాడు గేటు దగ్గర కాపలా ఉండే ముత్యాలుని అడిగింది.

"బాబూ ముత్యాలూ, నానూ మేడ సూస్తాను. సూసి పోతాను, ఏటీ ముట్టను."

"నువ్వు సూసీదేటి అప్పా! ఎల్లి నీళ్లు పొయ్యి" అన్నాడు ముత్యాలు.

దాలమ్మ వెళ్లి నీళ్లు పోసింది.

ఇంకొకనాడు తలంటి పోసుకుని, ఉతికిన కోక కట్టుకుని, వచ్చినవాళ్లలో కలిసిపోయి నడిచింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, పైనుంచి దొరసాని చూసింది.

"ఆ పగుళ్ల కాళ్లు మన పనిమనిషివి. దింపండి!"

"సూసి పోతానమ్మా, ఏటీ ముట్టను" అంది దాలమ్మ. అందరి ముందూ రెక్క పట్టుకుని దింపేశారు. ఎవరో నవ్వారు కూడా.

దాలమ్మ ఏడవలేదు. పాకకు వెళ్లి కుండ బోర్లించింది.

"మా అయ్య మోసిన రాయి మీద నా కాలు పెట్టనివ్వలేదర్రా" అంది చుట్టుపక్కల వాళ్లతో. ఆ ఒక్క మాటకే పక్క పాకలో కుండ బోర్లపడింది. ఆ పక్క పాకలో కూడా. పొద్దు వాలేసరికి ఒక్క పాకలోనూ కుండ నిలబడి లేదు.

ఎండలు మండిపోతున్నాయి. దేశపెద్ద పేరు మీద దొర జరిపే జాతర దగ్గరకొచ్చింది. పూలన్నీ తలలు వాల్చేశాయి. దాలమ్మ మడి మడికీ వెళ్లి ఆకులు నిమిరేది. "ఓర్సుకోండమ్మా, మరి కాస్త ఓర్సుకోండి" అని కళ్లనీళ్లు పెట్టుకునేది. నీళ్లు మాత్రం పోయలేదు.

చివరికి దొరే కొండ దిగి వచ్చాడు.

"జాతర ముందు ఇదేం పని? మొక్కలు చచ్చిపోతున్నాయి! ఏం కావాలి నీకు?"

"మేడ సూడాల దొరా."

"అంతేగా? రా."

"నానొక్కదాన్నీ కాదు. పాకలోలందరం వస్తాం. ముందర మెట్ల మీంచి వస్తాం. ఈసారి ముట్టుకుంటాం కూడా!"

దొర బోర్లించిన కుండల్ని చూశాడు. వాడిపోయిన కొండను చూశాడు. తల వంచుకుని, "రండి" అన్నాడు.

అప్పుడు చూడాలి ఆ సంబరం! డప్పులు మోగాయి. నెత్తిన నిండు కుండలతో పాకలన్నీ కదిలాయి. ముత్యాలు గేటు రెండు తలుపులూ బార్లా తీశాడు. దారిపొడుగునా మడులకు నీళ్లు పోసుకుంటూ వెళ్లారు. దాలమ్మ మెట్లెక్కింది. గోడకు చెంప ఆనించి, "అయ్యా, వచ్చినాను" అంది. వసారాలోకి వెళ్లి కిందికి చూసింది.

పిట్టగోడ మీదికి వంగి మళ్లీ చూసింది.

మడుల మధ్య ఎత్తైన కంచెలు. వంగి నీళ్లు పోసేవాళ్లకు ఎవరి మడి వాళ్లదే కనిపిస్తుంది. పైనుంచి చూస్తే ఆ మడులన్నీ కలిసి పురి విప్పిన నెమలి! వాడిన ఈకలు అప్పుడప్పుడే తడిసి లేస్తున్నాయి.

"ఓలమ్మో! నెమలే! రండర్రా, మనం ఏసింది సూడండి!"

చూస్తూ చూస్తూనే అక్కడున్న దేశపెద్ద పడకకుర్చీలో కూలబడింది. దొరసాని నోరు తెరవబోయింది. దొర చెయ్యి అడ్డం పెట్టి, "కూర్చోనీ" అన్నాడు. పాకల జనమంతా వంతులేసుకుని వచ్చి, దాలమ్మ పక్కన నిలబడి చూశారు. చూసి "ఆహా" అన్నారు.

దాలమ్మ నిండుగా బతికి పోయింది. మేడ ఇప్పటికీ ఉంది. ఎంత గొప్పవాళ్లు చూడవచ్చినా సరే, పొద్దున్నే మెట్ల కింద ఆగాల్సిందే. ముందుగా తోటపని చేసేవాళ్లలో ఒకరు పైకెళ్లి, ఆ కుర్చీలో కూర్చుని, తనివితీరా చూసుకుంటారు. వాళ్లను తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. చూడటం అయ్యాక పైనుంచి కేక వేస్తారు:

"దాలమ్మ సూసింది! ఇంక మీరు రండి!"