మూడొందల యాభై సీసీ పంతం

మాబున్నికి బండి కావాలి. అది కూడా అట్టాంటి ఇట్టాంటి బండి కాదు, మూడొందల యాభై సీసీ బండి. వీధి మొదట్లో ఉండగానే వీధి చివరి ఇంట్లో గిన్నెలు అదరాలి. అంతకు తక్కువ దాన్ని ఎక్కేదే లేదని భీష్మించుకుంది.

నిజానికి ఆమె బండి నేర్చుకొని నెల కూడా కాలేదు. అన్న దస్తగిరి ఇంట్లో లేని వేళ చూసి, అతని పాత బండి తీసుకుపోయి చెనిక్కాయల కళ్లంలో గుండ్రంగా తిప్పి నేర్చుకుంది.

పని మాత్రం నిఖార్సైన పనే. గుట్ట అవతలి తండాలన్నీ ఆమెకు అప్పగిస్తానని పశువుల డాక్టరు మాటిచ్చాడు. ఎదకొచ్చిన ఆవులకు, బర్రెలకు చూలు కట్టే సూదులు వేసే పని. ఆ చుట్టుపక్కల అంతవరకు ఏ ఆడమనిషీ చేయనిది. కబురందిన పూటే పోవాలి. ఆ పొద్దు దాటిందా, ఆ బర్రె కోసం మళ్ళీ మూడు వారాలు కాచుకోవాలి, ఆ ఇంటి పాడి అంత వెనక్కి పోతుంది. అందుకే, సొంత బండి ఉంటేనే పని అని డాక్టరు కుండ బద్దలు కొట్టినట్టు చెప్పాడు. ఏ బండి సార్ అంటే, వందో నూట పాతికో చాలులే అన్నాడు.

ఊరు ఊరికే ఉంటుందా! ఆంబోతు పనికి ఆడదాన్ని పెట్టినారంట అని టీ అంగడి దగ్గర ఒకటే నవ్వులు. దస్తగిరికి తలకొట్టేసినట్టయింది. "అంతగా తిరగాలని ఉంటే స్కూటర్ కొనిస్తా, సంతకు పోయిరా. తండాలు మాత్రం వద్దు," అన్నాడు.

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. నవ్విన నోళ్ళన్నీ ఒక్క దెబ్బకు మూతపడాలంటే బండి పెద్దదై ఉండాలని మాబున్ని లెక్క. నూట పాతిక తెస్తే, "ఆడోళ్ళకు అంతే," అనరూ? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

పాత బండ్లు అమ్మే ఓబులేసు ఆమె కోరిన బండే బయటికి తీశాడు. "ఒక దినం నడిపి చూడమ్మా. దీని మీద పోతావుంటే రోడ్డే పక్కకు జరుగుతాది," అన్నాడు. అమ్మేవాడి నోట్లో ఏ బండీ చిన్నబోదు కదా.

ఆ ఊళ్ళో బండి ఎవరు తెచ్చుకున్నా ముందు గుట్ట మీది దర్గాకు తీసుకుపోతారు. కులం, మతం అనేది లేదు. అక్కడి ఫకీరు జిందా తాత సాంబ్రాణి పొగ పట్టి, ఫాతెహా చదివి, నెమలీకల కట్టతో బండిని ఒకసారి దులుపుతాడు. అదయ్యాకే బండి మనదైనట్టు.

జిందా తాత మాబున్నికి గురువు. తండ్రి పోయిన ఏడు, పదేళ్ళ పిల్ల, ఎవరి మాటా వినక గుట్టెక్కి ఆయన దగ్గర కూర్చుంది. జనం జబ్బు పశువులను దర్గాకు తోలుకొచ్చేవాళ్ళు. బెదిరిన ఎద్దు దగ్గరికి ఏ పక్క నుంచి పోవాలో, ఎక్కడ ఆగిపోవాలో ఆమె అక్కడే నేర్చుకుంది. ఆయన చెప్పింది మాత్రం ఏమీ లేదు. పక్కన నిలబెట్టుకునేవాడు, అంతే.

ఓబులేసు బండి ఇచ్చిన పొద్దున మాబున్ని దాని మీద గుట్టెక్కింది. దడదడమని ఆ చప్పుడుకు టీ అంగడిలో ఉన్నవాళ్ళంతా లేచి బయటికొచ్చారు. దస్తగిరి మరో ఇద్దర్ని ఎక్కించుకొని వెనకాలే బయల్దేరాడు. మలుపుల దగ్గర కూడా మాబున్ని ఎక్కడా ఆపలేదు. అబ్బ, ఏం ధైర్యం అనుకున్నారు చూసినవాళ్ళు. ఆపితే కాళ్ళు నేలకు అందవని ఆమెకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు.

పైకి చేరి, దర్గా ముందరి బండరాతి అరుగు పక్కకు పోనిచ్చి, దాని మీద కాలు ఆనించి ఆపింది. చాలా తెలివిగా చేశాననుకుంది.

జిందా తాత అరుగు మీదే కూర్చొని ఉన్నాడు. ఆమె మొహం చూడలేదు, బండిని చూడలేదు. అరుగు మీద ఆనిన ఆ కాలునే చూశాడు.

"తాతా, ఫాతెహా చదువు. ఇదే నా బండి," అంది మాబున్ని, వెనకాల వచ్చినవాళ్ళకు వినిపించేటట్టు. దిగి స్టాండు వేసింది.

తాత లేచి వచ్చాడు. చేతిలో నెమలీకల కట్ట లేదు. బండి చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. పక్కనే గోడ మరమ్మతుకని తోలించిన ఇసుక పరిచి ఉంది. బండి మీద అరచెయ్యి పెట్టి, మేకను కొట్టంలోకి తోసినట్టు, ఆ పక్కకు ఒక్క తోపు తోశాడు.

బండి ఇసుకలో దభీమని పడింది.



"లేపు," అన్నాడు తాత. అని పోయి చీపురు తీసుకొని అరుగు ఊడ్చుకోవడం మొదలుపెట్టాడు.

ఆమె హ్యాండిల్ పట్టుకొని లాగింది. కదల్లేదు. సీటు కింద చేతులు పెట్టి ఎత్తింది. మోకాటి ఎత్తు లేచి, అక్కడే కాసేపు వణికి, మళ్ళీ పడింది. ఇంకో పక్కకు వచ్చి తోసింది. చెప్పులు ఇసుకలో జారితే విప్పి అవతల పారేసింది. చున్నీ నడుముకు బిగించింది. ఎండ ఎక్కింది. జబ్బలు లాగేస్తున్నాయి. బండి మాత్రం బురదలో బర్రె లాగ హాయిగా పడుకొని ఉంది.

దస్తగిరితో వచ్చిన ఇద్దరూ నవ్వు ఆపుకోలేక ముందుకొచ్చారు.

"ఎవురూ ముట్టుకోవద్దు!" అని అరిచింది. ఇద్దరూ ఆగిపోయారు.

అప్పుడు దస్తగిరి చేతులు కట్టుకొని దగ్గరికి వచ్చాడు. "అన్నా లేపు అని ఒక్క మాట అను మాబున్నీ. చిటికెలో లేపి నిలబెడతా. అయితే ఒకటి. ఆ సూదుల పని మాట మళ్ళీ ఇంట్లో ఎత్తగూడదు. ఒప్పుకో."

ఆ ఒక్క మాటే అడిగాడు. మాబున్నికి ఏడుపొచ్చింది, మింగేసింది. అన్న మీద కంటే తాత మీద ఎక్కువ కోపం వచ్చింది. విసవిసా అరుగు దగ్గరికి పోయింది.

"నన్ను అందరి ముందర నవ్వులపాలు చేస్తివి గదా తాతా! నీకేం అన్యాయం చేసినా?"

తాత ఊడ్పు ఆపలేదు. "తండా దోవలో పడితే ఎవుర్ని పిలుస్తావు?"

"ఎవురో ఒకరు ఉంటారు."

"ఎవురు?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది. అన్న ఉన్నాడు, చేతులు కట్టుకొని. వాళ్ళిద్దరూ ఉన్నారు, నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకొని. తండా దోవలో కూడా ఉండేది వీళ్ళే, కాకుంటే ఇట్లాంటివాళ్ళే.

తాత చీపురు గోడకు ఆనించాడు.

"పడ్డ బండిని ఎవురు లేపితే, బండి వాళ్ళది," అన్నాడు. అని లోపలికి పోయాడు.

మాబున్ని చాలాసేపు ఇసుకలో కూర్చుంది. దస్తగిరి ఆమె పిలుపు కోసం కాచుకొని ఉన్నాడు. ఇంకాసేపట్లో పిలుస్తుందని ముగ్గురికీ నమ్మకం. ఆడపిల్ల పంతం ఎంతసేపు!

ఆమె ఫోన్ తీసింది. దస్తగిరి మొహం కొంచెం మారింది.

"ఓబులేసన్నా, నీ బండి దర్గా కాడ ఇసకలో పడుకోనుండాది. వచ్చి లేపుకో."

అవతల ఓబులేసు ఏం అరిచాడో ఏమో.

"దానికేం కాలే. నేనే లేపలేకపోయినా." ఆ మాట మాత్రం గుట్టంతా వినేటట్టు అంది. ఆ బండి తన వల్ల కాదని పొద్దుటి నుంచి ఆమె లోపల దాచుకున్నదే. నోరు దాటాక పెద్ద బరువేమీ అనిపించలేదు. "నేను లేపలేని బండి నాకొద్దన్నా. పాలాయన అమ్మిపోయిన నూట పాతికది ఉండాది చూడు, దాన్ని తీసుకురా."

ఓబులేసు ఆ చిన్న బండి మీద, వెనక ఇంకొకణ్ణి కూర్చోబెట్టుకొని వచ్చాడు. ఇద్దరూ చెరో పక్క పట్టి, అబ్బా అయ్యా అనుకుంటూ పెద్ద బండిని నిలబెట్టారు. దస్తగిరి ఒక అడుగు ముందుకు వేసి, ఎవరూ పిలవలేదని గుర్తొచ్చి ఆగిపోయాడు.

మాబున్ని చిన్న బండి ఎక్కి కూర్చుంది. రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాయి. "బరువేస్తే గుట్ట ఎక్కుతాదా అన్నా ఇది?"

"ఎక్కకేం? రెండు పాలక్యాన్లు కట్టుకోని దినామూ ఎక్కేది. పరుగులో పెద్దదాని ఎనకాల్నే ఉంటాది గానీ..."

అతని మాట పూర్తి కాకముందే ఆమె దిగి, బండిని ఇసుకలోకి తోసేసింది.

"ఓయమ్మో, నా బండి!" అని నెత్తిన చేతులు పెట్టుకున్నాడు ఓబులేసు.

మాబున్ని సీటుకు వీపు ఆనించి, కుదురుగా గొంతుక్కూర్చుంది. చేతులు వెనక్కి పెట్టి పట్టు దొరికించుకుంది. మొదటిసారి కాలు జారింది. ఎవరో కిసుక్కుమన్నారు. పాదం ఇసుకలో లోతుగా పాతుకొని, పళ్ళు బిగించి, వీపుతో తోస్తూ అడుగు తరవాత అడుగు వెనక్కి వేసింది. బండి లేచి నిలబడింది. ఆమె ఒగురుస్తోంది, చెంపల మీద ఇసుక అంటుకుంది. ఎవరూ నవ్వలేదు.

లోపలి నుంచి సాంబ్రాణి వాసన వచ్చింది.

దస్తగిరికి ఏదో ఒకటి అనకపోతే మర్యాద దక్కేటట్టు లేదు. "ఈ గుర్రప్పిల్ల మీదనా ఆ తండా దోవల్లో తిరిగేది? రాళ్ళూ, గుంతలూ... పడతావ్ చూడు."

"పడతా," అంది మాబున్ని. కిక్కు కొట్టింది.