జెస్సీ తాగని మజ్జిగ

జెస్సీ గ్లాసు ముట్టడం మానేసి ఐదు రోజులైంది.

మూడున్నరేళ్ళ పిల్ల. పొద్దున తొమ్మిదికి వాళ్ళమ్మ సువార్త తెచ్చి దర్గా వసారాలో దించిపోతుంది. సాయంత్రం ఐదింటికి వచ్చి చంకనేసుకుని పోతుంది. ఆ మధ్యలో ఆ పిల్ల నోట్లో ఒక్క చుక్క పడటం లేదు. జావ ఇస్తే మూతి తిప్పుకుంటుంది. మజ్జిగ ఇస్తే పెదాలు బిగించేస్తుంది. మంచినీళ్ళు చూపిస్తే చేతులు రెండూ వెనక్కి దాచుకుంటుంది. అరటిపండు ముక్క మాత్రం తింటుంది. బయట చూస్తే మార్చి నెలాఖరు ఎండ.

దస్తగిరికి ఇది అంతుబట్టలేదు.

ఈ దస్తగిరి అంతకుముందు నూలు మిల్లులో షిఫ్టు సూపర్‌వైజరు. సైరను మోగితే మూడొందల మంది లేచేవాళ్ళు, సైరను మోగితే మూడొందల మంది కూర్చునేవాళ్ళు. పదేళ్ళు అలా గడిచాక ఆ పని మీద మనసు విరిగి, మీరావలి బాబా దగ్గర శిష్యుడిగా ఉండిపోతానని సంచి భుజాన వేసుకుని వచ్చాడు.

మీరావలి బాబా వయసులో ఉండగా దూదేకి పరుపులు కుట్టినవాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి. ఊరి చివర, మిరపకాయల గోదాముల వెనక ఉన్న చిన్న దర్గాలో ఉంటాడు. గోదాముల్లో తొడిమలు తీసే ఆడవాళ్ళు పసిపిల్లల్ని ఆ ఘాటులో కూర్చోబెట్టలేక దర్గా వసారాలో వదలడం మొదలుపెట్టారు. ముందు ఇద్దరు, తర్వాత ఐదుగురు, ఇప్పుడు ఇరవై ముగ్గురు. దానికి బడి అని పేరేం లేదు. 'తాత వసారా' అంటారంతే.

వచ్చిన రోజున, బాబా తనని జపానికి కూర్చోబెడతాడని దస్తగిరి అనుకున్నాడు. బాబా వసారా వైపు చూపించి, "పది గంటలకి పిల్లలకి పెట్టేది నువ్వు చూసుకో నాయనా" అన్నాడు.

అప్పటికి ఆ పది గంటల పూట ఒక సంత. వంట చేసే సైదాబీ రాగి జావ గిన్నె తెచ్చి మధ్యలో పెట్టేది. పిల్లలు చుట్టూ మూగేవాళ్ళు. ఒకడి గ్లాసు ఇంకొకడు లాక్కునేవాడు. ఒలికిన జావలో జారి ఒకడు పడేవాడు. గట్టిగా ఏడ్చినవాడికి రెండు గ్లాసులు దక్కేవి, మెతకగా ఉన్నవాడికి ఒకటీ దక్కేది కాదు.

దస్తగిరి నెలరోజుల్లో దాన్ని దారిలో పెట్టాడు. పదికి గంట. చేతులు కడుక్కోవడం. రెండు వరసల్లో చాప మీద కూర్చోవడం. ప్రతి గ్లాసు మీదా ఒక బొమ్మ, ఎవరి బొమ్మ వాళ్ళదే. అందరికీ సమానంగా జావ, పండు ముక్క, ఆ తర్వాత మజ్జిగ. పదకొండు గంట కొట్టేదాకా ఎవరూ లేవకూడదు. గంట కొట్టాక వరసగా ఒంటికి వెళ్ళి రావాలి.

వసారా నేల అద్దంలా ఉండేది. పట్నం నుంచి చందా ఇవ్వడానికి వచ్చిన పెద్దమనుషులు చూసి, "ఇంత చిన్నపిల్లల్ని ఇంత క్రమశిక్షణలో ఎలా పెట్టావయ్యా?" అని ముక్కున వేలేసుకున్నారు. దస్తగిరి పైకి నవ్వి ఊరుకున్నాడు గానీ, ఆ మాట చాలా రోజులు లోపల తియ్యగా ఉంది.

అలాంటి వరసలో ఇప్పుడు ఒక గ్లాసు నిండుగా మిగిలిపోతోంది.

అతను చెయ్యని ప్రయత్నం లేదు. జావలో బెల్లం ఎక్కువేశాడు. నిమ్మరసం కలిపాడు. సబ్జా గింజలు నానబెట్టి చూపించాడు. బతిమాలాడు, కథ చెప్పాడు, చివరికి చెంచాతో పట్టబోయాడు. జెస్సీ పళ్ళు కరుచుకుని కూర్చుంది. చెంచాలోది గౌను మీద ఒలికిపోయింది.

ఐదో రోజు మధ్యాహ్నం ఆ పిల్ల కూర్చున్నచోటే వాలిపోయింది.

సైదాబీ ముఖం మీద నీళ్ళు చల్లింది. దస్తగిరి భుజాన వేసుకుని ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాడు. డాక్టరమ్మ సెలైను పెట్టి, "ఒంట్లో నీళ్ళే లేవు. ఈ ఎండల్లో పగలంతా కొంచెం కొంచెం తాగిస్తూ ఉండాలి. ఇంకోసారి ఇలా తీసుకురాకండి" అంది.

కబురు తెలిసి సువార్త గోదాము నుంచి అలాగే వచ్చేసింది. చేతులు మిరపకారంతో ఎర్రగా ఉన్నాయి. ఆ చేతులతో బిడ్డను ముట్టుకోలేక, మోచేత్తో దగ్గరికి పొదువుకుంది.

"ఇంటికాడ చెంబుడు తాగుద్ది సారూ" అంది. "రాగానే నీళ్ళ బిందె దగ్గరికే పోద్ది. ఇక్కడెందుకు తాగదో నాకు తెలవట్లా."

దస్తగిరి తల దించుకున్నాడు.

"రేపట్నుంచి నాతోనే తీసుకుపోతా."

"గోదాములోకా?"

"మరేం జెయ్యను? పని మానితే గడవదు, పిల్లని ఇట్టా వదలాలంటే గుండె ఒప్పదు."

గోదాము సంగతి అతనికి తెలుసు. పోయిన వారమే ఒక చంటిపిల్లాడు ఆ ఘాటుకి దగ్గి దగ్గి పాలన్నీ కక్కుకున్నాడు.

"ఒక్క రోజు ఆగమ్మా" అన్నాడు. "రేపొక్కరోజు. రేపు కూడా తాగకపోతే నీ ఇష్టం."

ఆ సాయంత్రం బాబా దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

"మొండితనం బాబా. అంతకంటే ఏం లేదు. మిగతా ఇరవై ఇద్దరూ గ్లాసు కింద పెట్టకుండా తాగుతున్నారు. ఈ ఒక్క పిల్లే. మీరేదైనా తాయెత్తు కట్టండి. లేకపోతే ఒక దువా చదవండి."

బాబా గోడకి ఆనుకుని కూర్చుని, చిరిగిన దిండుకి కుట్లు వేస్తున్నాడు. దారం కొరికి పక్కన పెట్టాడు.

"నువ్వు పెట్టే బంతిలో నేనెప్పుడూ కూర్చోలేదు కదూ?"

"లేదు బాబా."

"రేపు నాకూ ఒక గ్లాసు పెట్టు."

మర్నాడు పదికి గంట కొట్టేసరికి బాబా వచ్చేశాడు. పిల్లలతో పాటు వరసలో నిలబడి చేతులు కడుక్కున్నాడు. జెస్సీ పక్కన చోటు చూసుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ మెల్లిగా చాప మీద చతికిలబడ్డాడు. తాత తమతో కూర్చున్నాడని పిల్లలకి ఒకటే సంబరం. దస్తగిరి వేలు పెదాల మీద పెట్టగానే అందరూ సద్దుమణిగారు. బాబా కూడా సద్దుమణిగాడు.

జావ వచ్చింది. బాబా తాగాడు. పండు ముక్క తిన్నాడు. మజ్జిగ పోస్తే గడగడా తాగేసి గ్లాసు ముందుకి జరిపాడు. దస్తగిరి మళ్ళీ నింపాడు. అదీ తాగాడు.

జెస్సీ ముందు మజ్జిగ అలాగే ఉంది.

"పదకొండు దాకా ఇలాగే కూర్చోవాలి బాబా" అని దస్తగిరి గొంతు తగ్గించి చెప్పాడు. "లేచి తిరిగితే తాగేది ఒలకబోసుకుంటారు." గురువు తన ఏర్పాటంతా కళ్ళారా చూస్తున్నాడన్న సంతోషం ఆ మాటలో దాగలేదు.

బాబా బుద్ధిగా తలూపి, ఖాళీ గ్లాసు మళ్ళీ చాచాడు.

దస్తగిరి కూజా వంచబోతుంటే, పక్క నుంచి సన్నటి గొంతు వినిపించింది. జెస్సీ బాబా లాల్చీ అంచు పట్టుకుని లాగుతోంది.

"తాగొద్దు తాతా."

"ఎందుకమ్మా?"

"తాగితే వస్తది."

"ఏమొస్తది?"

ఆ పిల్ల దస్తగిరి వైపు ఒకసారి చూసి, బాబా చెవి దగ్గరికి జరిగింది. చెవిలో చెప్పాననుకుంది గానీ మూడేళ్ళ పిల్లల రహస్యాలు వసారా అంతా వినిపిస్తాయి.

"లాగు తడిసిపోద్ది. సారు స్తంభం కాడ నిలబెడతాడు. అందరూ నవ్వుతారు."

దస్తగిరి చేతిలో కూజా వంగి అలాగే ఉండిపోయింది. మజ్జిగ గ్లాసు అంచు దాటి చాప మీదికి కారింది.

పోయిన గురువారం. అవును. పదిన్నర దాటాక ఈ పిల్ల కూర్చున్నచోట చాప తడిసింది. తను చాప తీయించి ఎండలో వేశాడు. వేరే గౌను తెచ్చేదాకా ఈ పిల్లని స్తంభం పక్కన నిలబెట్టాడు. "ఇంత పెద్దదానివి, గంట కొట్టేదాకా ఆగలేవా?" అన్నాడు. రెండు నిమిషాల పని. ఆ తర్వాత ఆ సంగతే మర్చిపోయాడు.

బాబా ఆ మూడో గ్లాసు కూడా ఎత్తి తాగేశాడు.

కొంచెం సేపు గడిచింది. బాబా ఒక మోకాలు మార్చి కూర్చున్నాడు. తర్వాత రెండో మోకాలు మార్చాడు. కాలి వేళ్ళు ముడుచుకున్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. గోడ గడియారం పదీ ముప్పై ఐదు చూపిస్తోంది.

అప్పుడు మీరావలి బాబా, ఎందరో వంగి దండం పెట్టే ఆ పెద్దమనిషి, చెయ్యి పైకెత్తి చిటికెన వేలు చూపించాడు.

"సార్! తాతకి ఒంటికొచ్చింది సార్!" అని ముందు వరస పిల్లవాడు అరిచాడు.

దస్తగిరి కూజా కింద పెట్టి పరిగెత్తుకొచ్చాడు. "బాబా! వెళ్ళండి బాబా, రండి, చెయ్యి పట్టుకోండి."

"గంట కొట్టలేదు కదా నాయనా."

"మీకు గంటేమిటి బాబా!"

బాబా ఎత్తిన వేలు దించకుండా, ఆ రెండు వరసల వైపూ చూశాడు. అప్పటికి చాప మీద చిన్న చిన్న చిటికెన వేళ్ళు లేస్తున్నాయి. ఒకటి, రెండు, నాలుగు. చూస్తుండగానే పదిహేను పైన.

దస్తగిరి గోడకి వేలాడుతున్న గంట దగ్గరికి వెళ్ళలేదు. రెండు చేతులూ చాచి, "లేవండి, అందరూ లేవండి" అన్నాడు. "వెళ్ళాలనుకున్నవాళ్ళంతా వెళ్ళండి."

ఇక చూడాలి ఆ వసారా! బాబా ముందు, వెనకాల పిల్లలు. ఒకరి మీద ఒకరు పడుతూ, నవ్వుతూ, లాగులు పట్టుకుంటూ. నాలుగు గ్లాసులు కాళ్ళు తగిలి దొర్లిపోయాయి. దొడ్లో మగ్గుల చప్పుడు, నీళ్ళ చప్పుడు. సైదాబీ వంటింట్లోంచి వచ్చి, "ఏమైందిరా నాయనా?" అని గుమ్మంలో నిలబడిపోయింది.

చాప మీద జెస్సీ ఒక్కతే మిగిలింది.

దస్తగిరి ఆ పిల్ల ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"నిన్ను నిలబెట్టడం నాదే తప్పమ్మా. నీకు ఎప్పుడొస్తే అప్పుడు లేచి వెళ్ళు. నన్ను అడగక్కర్లేదు."

జెస్సీ నమ్మలేదు. లేచి రెండడుగులు వేసి వెనక్కి చూసింది. అతను కదల్లేదు. దొడ్డి గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ చూసింది. అతను తలూపాడు. లోపలికి వెళ్ళి, వచ్చేసి, కూర్చుంది. కూర్చున్న వెంటనే మళ్ళీ లేచింది. మళ్ళీ వెళ్ళి వచ్చింది. అతను అక్కడే కూర్చుని ఉన్నాడు.

అప్పుడు ఆ పిల్ల తన గ్లాసు దగ్గరికి జరిగింది. రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగింది. గ్లాసు పైనుంచి అతని ముఖం చూసింది. ఇంకో గుక్క తాగింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. గొంతు దగ్గర ఆ సన్నటి కదలిక, కిందికీ పైకీ, కిందికీ పైకీ. ముక్కు మీద మజ్జిగ అంటింది. ఖాళీ గ్లాసు కింద పెట్టి, "ఇంకా" అంది.

దస్తగిరి పోశాడు. ఐదు రోజులుగా గుండెల మీద కూర్చున్నది ఏదో లేచిపోయినట్టయింది. మళ్ళీ కొంత ఒలికింది. ఒలికితే ఒలికిందిలే అనుకున్నాడు.

ఐదు కాకముందే సువార్త వచ్చేసింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలోంచి అడిగింది, "ఇయ్యాలన్నా తాగిందా సారూ?"

దస్తగిరి నోరు తెరిచేలోపే జెస్సీ అందుకుంది.

"నాలుగు సార్లెళ్ళానే!" అని వేళ్ళు చూపించింది. "నేనే లేచి ఎళ్ళా!"

సువార్తకి సగమే అర్థమైంది. కానీ బిడ్డ పెదాలు చూసింది. పగుళ్ళ మీద తడి ఉంది. గుమ్మంలోనే కూలబడి, కారపు చేతులు దూరంగా చాచి, బిడ్డను భుజాలతో అదుముకుని పెద్దగా నవ్వింది. కళ్ళెంబడి నీళ్ళు వస్తే తుడుచుకోలేక, జెస్సీ గౌనుకే ముఖం రాసింది.

వాళ్ళు వెళ్ళాక దస్తగిరి చాపలు కడిగి ఆరేశాడు. బాబా దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. గాలి గోదాముల వైపుకి మళ్ళింది, ఘాటు తగ్గింది.

"బాబా, ఒక మాట అడగనా?"

"అడుగు."

"ఈ రోజు మీరు నా కళ్ళు తెరిపించడానికే అలా చేశారు కదా?"

బాబా కుడుతున్న దిండు పక్కన పెట్టి, అతని వైపు వింతగా చూశాడు.

"మూడు గ్లాసులు తాగాను నాయనా" అన్నాడు.