గోడ కింది తూము

నీలాద్రికి ధ్యానం కుదరడం లేదు.

కూర్మదాసు గారి ఆశ్రమంలో చేరి చాలా ఏళ్లయింది. తెల్లవారకముందే లేచి తలస్నానం చేస్తాడు. ఒంటిపూట తింటాడు. అవసరమైతే తప్ప నోరు విప్పడు. కొత్తగా వచ్చినవాళ్లకి నడుం ఎలా నిలపాలో, ఊపిరిని ఎలా గమనించాలో చెప్పేది అతనే. కానీ కళ్లు మూసుకున్నాక అతనికి కనిపించేది మాత్రం చేపల పొలుసు.

ఆశ్రమం కళింగపట్నం పోయే దారిలో, సముద్రపు హోరు వినిపించేంత దూరంలో ఉంది. వెనక గోడకి ఆనుకుని నూకరత్నం ఇల్లు. ఆమెది చేపల బేరం. పొద్దున్నే రేవు నుంచి తెచ్చిన చేపల్ని పెరట్లో కూర్చుని పొలుసు గీకి, కడిగి, గంపకెత్తుకుని ఊళ్లోకి వెళుతుంది. ఆ కడిగిన నీళ్లు, వాళ్ల స్నానాల నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు, అన్నీ గోడ కింది తూములోంచి ఆశ్రమం పెరట్లోకి వస్తాయి. అక్కడి రాతికాలువ వెంట పారి వీధి మురుగులో కలుస్తాయి. ఆమె పెరడు పళ్లెంలా పల్లంగా ఉంటుంది. నీళ్లు పోవడానికి ఆ తూము తప్ప వేరే దారి లేదు. గోడ కట్టిననాడే తూమూ పెట్టారు.

ధ్యానం చేసుకునే గది కిటికీ సరిగ్గా ఆ కాలువ మీదికి తెరుచుకుంటుంది.

ఒకరోజు నీలాద్రి ఆగలేక గురువుగారి దగ్గర ఆ మాట ఎత్తాడు.

“స్వామీ, ఆ నీళ్లు మన పెరట్లోంచి పోకుండా ఆపించాలి. ఆ వాసనకి మనసు నిలవడం లేదు.”

కూర్మదాసు గారు చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. తలెత్తలేదు.

“ఎటు పంపమంటావు?”

“అది వాళ్లు చూసుకోవాలి స్వామీ.”

ఆయన ఇంకో చిక్కుడుకాయ అందుకున్నారు. మాట అక్కడితో ఆగిపోయింది.

ఆ తర్వాత కొద్దిరోజులకి పలాసలో పాత శిష్యుడొకాయన మంచం పట్టాడని కబురొచ్చింది. కూర్మదాసు గారు గొడుగు, చేతిసంచి పట్టుకుని బయల్దేరారు. ఆశ్రమం నీలాద్రి చేతికి వచ్చింది.

‘గురువుగారు వద్దని అనలేదు కదా’ అనుకున్నాడు నీలాద్రి.

నూకరత్నం గంప ఎత్తుకుని వీధి మలుపు తిరిగాక, ఒక గుండ్రాయికి తన పాత కావి ఉత్తరీయం గట్టిగా చుట్టాడు. దాన్ని తమ వైపు నుంచి తూములోకి కుక్కి, పైన సిమెంటు మెత్తాడు. కాలువని నాలుగు బిందెల నీళ్లతో కడిగి సున్నం చల్లాడు. సాయంత్రానికి కాలువ పొడిగా, తెల్లగా, ముగ్గు వేసినట్టు కనిపించింది. చూసినవాళ్లంతా బాగుందన్నారు.

మర్నాడు వాసన లేదు. నీలాద్రి తృప్తిగా కళ్లు మూసుకున్నాడు.

గోడ అవతల ఎవరో నీళ్లు తోడుతున్న చప్పుడు వినిపించింది. చిప్పతో తోడి బకెట్లో పోయడం, బకెట్ ఎత్తుకుని దూరంగా వెళ్లడం, మళ్లీ వచ్చి తోడడం. ఆగి ఆగి, విసుగూ కోపమూ లేకుండా సాగుతోంది ఆ చప్పుడు. నీలాద్రి కళ్లు తెరిచి కిటికీ మూశాడు. రోజులు గడిచినా కిటికీ మళ్లీ తెరవలేదు.

ఇంతలో వాయుగుండం పట్టుకుంది. సముద్రం మీంచి వచ్చిన వాన ఊరు వదిలిపెట్టకుండా కురిసింది. ఆ వానలోనే కూర్మదాసు గారు తిరిగివచ్చారు. కాళ్లు కడుక్కుంటూ కాలువ వైపు చూశారు. రాళ్ల సందుల్లో మిగిలిన సున్నాన్ని చూశారు. 

“పలాసలో ఆయన ఎలా ఉన్నారు స్వామీ?” అన్నాడు నీలాద్రి.

“వెళ్లిపోయాడు. చివరిదాకా తెలివి ఉంది,” అన్నారు ఆయన.

తడిసిన పంచె మార్చుకుని ఆయన ఇంకా కూర్చోలేదు. గుమ్మంలో నూకరత్నం కనిపించింది. నెత్తిన గోనెసంచి కప్పుకుంది. మోకాళ్లదాకా బురద.

“సామీ, మీకాడ ఎదురుబద్ద ఉంటే ఒకపాలి ఇప్పించండి. మా తూము పూడిపోనాది. కర్రెట్టి పొడిసినాను, ఏన్నీల్లు కాసి పోసినాను, కదల్లేదు. ఇన్నాల్లూ తోడి పారబోసుకున్నాను గానీ ఈ వానకి నా వల్ల కావట్లేదు. ఇంట్లోకొచ్చీసినాయి. కోడలు బాలింతరాలు.”

నీలాద్రి నేల వైపు చూశాడు.

“ఎవుల్ని ఏటంటాం? పొలుసంతా నా సేతుల్తో నాను పోసిందే గదా,” అంది ఆమె.

కూర్మదాసు గారు లేచారు. “నీలాద్రీ, వెదురుబద్ద తీసుకురా. మనమూ వెళదాం.”

వాళ్లింటి పెరడు చెరువైపోయింది. గడప దాటిన నీళ్లు పొయ్యిని ముంచేశాయి. ఒక సత్తుగిన్నె గోడవారన తేలుతోంది. నాలుగు ఇటుకలు పెట్టి ఎత్తుచేసిన నులకమంచం మీద బాలింత కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో, పాతచీర మడతల్లో బిడ్డ. ఇంకా పేరైనా పెట్టని ఆడపిల్ల. ఉండుండి దగ్గుతోంది. ఆ దగ్గు పెద్దది కాదు. పిచ్చుక తుమ్మినంత. అయినా అది వినిపించినప్పుడల్లా ఇంట్లో అందరూ చేస్తున్న పని ఆపుతున్నారు.

నీలాద్రి వెదురుబద్దని తూములోకి దూర్చాడు.

అది ఎక్కడ ఆగుతుందో అతనికి తెలుసు. అందుకే అంతదాకా పోనివ్వలేదు. మధ్యలోనే అటూ ఇటూ ఆడించాడు. గుప్పెడు పొలుసు, కొబ్బరిపీచు ముద్ద ఒకటి పైకొచ్చాయి. నీళ్లు మాత్రం కదల్లేదు. వెనక నూకరత్నం చేతులు నలుపుకుంటూ నిలబడింది.

“ఏమీ తగలడం లేదు స్వామీ,” అన్నాడు.

“ఇకనించి పొలుసు ఏరి గొయ్యి తీసి కప్పెట్టీసుకుంటాను బాబూ,” అంది నూకరత్నం. “మీరు జపాలు సేసుకునే సోట ఈ కంపంతా పంపినాను. దానికే ఇలాగయింది కావాల.”

నీలాద్రి వంగినచోటనే వెదురుబద్దని మళ్లీ ఆడించాడు.

“లే,” అన్నారు కూర్మదాసు గారు.

ఆయనకి డెబ్బై దాటాయి. పంచె ఎగ్గట్టారు. నీలాద్రి వద్దు వద్దంటుండగానే ఆ నీళ్లలో పక్కకి ఒరిగి పడుకున్నారు. చెంప మురుగుకి ఆనింది. గడ్డం తేలింది. చెయ్యి భుజందాకా తూములోకి పోనిచ్చి, కళ్లు మూసుకున్నారు.

ఆ ముఖాన్ని నీలాద్రి రోజూ చూస్తూనే ఉన్నాడు, ధ్యానం గదిలో, దీపం వెలుగులో. ఇక్కడా అదే ముఖం. పొలుసు అంటుకుని ఉంది, అంతే తేడా.

చాలాసేపటికి ఆయన చెయ్యి బయటికి తీశారు. పిడికిలి మూసి ఉంది. వేళ్ల సందులోంచి ఒక గుడ్డపీలిక కొస కనిపించింది. నానిపోయినా కావిరంగు పోలేదు. ఆయన దాన్ని ఎవరికీ కనబడకుండా మొలలో దోపుకున్నారు. నీలాద్రి ముఖంలోకి ఒకసారి చూశారు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేదనిపించింది నీలాద్రికి.

“అమ్మా, అడ్డం నీ పొలుసు కాదు,” అన్నారు ఆయన లేస్తూ. “మా వైపు ఉంది. ఇప్పుడే తీసేస్తాం.”

“మీ వైపేటుంటాది సామీ?”

“ఉంది,” అన్నారు.

ఇద్దరూ వానలో వెనక్కి నడిచారు. తిడతారేమోనని నీలాద్రి దారిపొడుగునా ఎదురుచూశాడు. ఆయన తిట్టలేదు. కొట్టుగదిలోంచి గునపం తెచ్చి గోడకి చేరవేసి, తను అరుగు మీద కూర్చున్నారు. ఒంటినుంచి ఇంకా మురికినీళ్లు కారుతున్నాయి.

నీలాద్రి గునపం అందుకున్నాడు. సిమెంటు అంత తేలిగ్గా పగల్లేదు. తను మెత్తినప్పుడు ఎంత శ్రద్ధగా మెత్తాడో అప్పుడు తెలిసింది. అరచేతులు బొబ్బలెక్కాయి. చివరికి గుండ్రాయి కదిలింది, దొర్లి కాలువలో పడింది. దాని వెనకే ఆగిన నీళ్లన్నీ ఒక్కసారిగా అతని గుండెల మీదికి దూకాయి. నల్లటి నీళ్లు. వాటిలో పొలుసు, అన్నం మెతుకులు, తల వెంట్రుకలు, బిడ్డ పొత్తిగుడ్డ ఒకటి. పక్కకి తప్పుకోవడానికి చోటుంది. అతను తప్పుకోలేదు. హోరు తగ్గి నీళ్లు మామూలుగా పారేదాకా కాలువలోనే మోకాళ్ల మీద ఉన్నాడు.

“స్వామీ,” అన్నాడు చివరికి. “మీరు ఆమెకి చెప్పలేదు.”

“చెప్పాల్సిన మాట నాది కాదు.”

నీలాద్రి లేచి వెళ్లాడు.

నీళ్లు తీశాక ఇల్లంతా బురద మిగిలింది. నూకరత్నం వంగి చిప్పతో ఎత్తిపోస్తోంది. అతన్ని చూసి, “పోనాయి బాబూ, సల్లగా ఉండండి. గల గలా పోనాయి,” అంది.

“అమ్మా, తూము మూసింది నేనే.”

చిప్ప ఆగింది.

“స్వామి ఊళ్లో లేనప్పుడు మూశాను. రాయి పెట్టి, సిమెంటు వేసి.”

ఆమె నడుం ఎత్తలేదు. వంగినచోటనే తల తిప్పి మంచం వైపు చూసింది. బిడ్డ మళ్లీ దగ్గింది.

“తెలిసే సేసినావా?”

“తెలిసే.”

“నాను తోడుకోడం ఇనబడేదా నీకు?”

నీలాద్రి అవునన్నట్టు తల ఊపాడు. తరవాత చేతులు జోడించి, “నన్ను క్షమించమ్మా,” అన్నాడు.

“ఎల్లు బాబూ,” అంది ఆమె. గొంతు పెంచలేదు. “నాకు పనుంది. ఎల్లు.”

అతను వెళ్లిపోయాడు. ఆశ్రమంలో కూర్మదాసు గారు బావిదగ్గర ఒళ్లు కడుక్కుని పంచె పిండుకుంటున్నారు. నీలాద్రి ఎదురుగా నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది.

“చెప్పాను స్వామీ. ఆమె నన్ను క్షమించలేదు.”

కూర్మదాసు గారు పంచె దులిపి తీగ మీద వేశారు. ముడతలు సరిచేశారు.

“ఇల్లు ఎండిందా?” అని అడిగారు.

నీలాద్రి గోడ వైపు చూశాడు. తరవాత వంటింట్లోకి వెళ్లి ఒక బకెట్టు, పాతగోనెలు రెండు, కుంపటీ, బొగ్గులూ తీసుకుని బయటికి నడిచాడు.

ఈసారి గుమ్మంలో ఏమీ మాట్లాడలేదు. కుంపటి రాజేసి మంచానికి దగ్గరగా, పొగ బిడ్డకి తగలకుండా గాలివాటు చూసి పెట్టాడు. రెండో మూల కూర్చుని చేతులతో బురద ఎత్తి బకెట్లో వేయసాగాడు. నూకరత్నం చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. ఎవరి మూల వాళ్లు ఎత్తుకుంటూ నడిమింటికి వచ్చారు.

వాన వెలిసింది. గోడ అవతల ఆశ్రమంలో సాయంత్రపు ధ్యానానికి గంట మోగింది.

నూకరత్నం చేతి వెనకభాగంతో నుదురు తుడుచుకుంది.

“గంట కొట్టీసినారు, బాబూ.”

“వినబడిందమ్మా,” అన్నాడు నీలాద్రి. దోసిలి నిండా ఉన్న బురదని బకెట్లో వేసి మళ్లీ వంగాడు.

మంచం మీద బిడ్డ దగ్గింది. ఇద్దరి చేతులూ ఆగాయి. బిడ్డ సర్దుకుని నిద్రపోయేదాకా ఇద్దరూ అలాగే విన్నారు. తరవాత నూకరత్నం తన చిప్పని అతని వైపు తోసి, తను గోనెగుడ్డ అందుకుంది.