నాలుగు హద్దుల మధ్య

భోజన్న తొమ్మిది రోజులు రిజిస్టర్లు తిరగేసి, పదో రోజు పొద్దున ఒక్క వాక్యం రాసి తెచ్చాడు. "తాళ్లూరి చిలకమ్మ అనే పేరు ఎక్కడా కనబడలేదు." అంతే. కింద ఉస్తాద్ సంతకానికి జాగా వదిలాడు.

ఉస్తాద్ అంటే దస్తగీర్ సాబ్. మంజీర ఒడ్డున ఆ చిన్న ఊళ్లో దస్తావేజులు రాసే పెద్ద మున్షీ. నైజాం కాలంలో ఉర్దూలో రాసిన కాగితం ఎంత పాతదైనా సరే, మనం పెళ్లి శుభలేఖ చదివినంత సులువుగా చదివేస్తాడు. వకీళ్లు కూడా చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేవాళ్లంటే చూసుకోండి. భోజన్న ఆయన దగ్గర ఆరేళ్లుగా ఆ విద్య నేర్చుకుంటున్నాడు. తెలివైనవాడే. ఆ తెలివి కాస్త నెత్తికెక్కిన మాటా నిజమే.

ఇంతకీ ఈ చిలకమ్మ ఎవరంటారా? చెప్తాను.

కాలువ వచ్చిన కొత్తలో గుంటూరు వైపు నుంచి కొందరు రైతులు ఆ అడవి నేలకు వచ్చి, ముళ్లపొదలు కొట్టి పొలాలు చేసుకున్నారు. తాళ్లూరి రాఘవులు, ఆయన భార్య చిలకమ్మ అలా వచ్చినవాళ్లే. రెండేళ్లు తిరక్కుండా రాఘవులు చలిజ్వరంతో పోయాడు. పొలం కాగితంలో ఆయన పేరు కొట్టేసి తమ్ముడి పేరు రాశారు. భార్యను ఎవరూ అడగలేదు. ఆ తమ్ముడేమో అక్కడి దోమలకు ఒక దణ్ణం పెట్టి సొంతూరు వెళ్లిపోయాడు.

చిలకమ్మ వెళ్లలేదు.

వెళ్లలేదని గంగామణి చెబుతోంది. ఎవరూ లేని పసిపిల్లను చిలకమ్మ తెచ్చుకుని పెంచింది. ఆ పిల్లే ఈ గంగామణి. పోయేముందు చిలకమ్మ పొలం, ఇల్లు ఈ పిల్లకే అని వేలిముద్ర వేసి వీలునామా కూడా రాయించింది. ఇప్పుడు తమ్ముడి కొడుకులు దిగారు. "మా పెద్దమ్మ ఆ ఏడే మాతో వచ్చేసింది, ఈ గంగామణి ఎవరో మాకు తెలీదు, ఆ వీలునామా దొంగది" అన్నారు. నోటి సాక్ష్యం అటు నలుగురు చెప్పారు, ఇటు నలుగురు చెప్పారు. ఇలా కాదు, ఆవిడ అక్కడే బతికిందనడానికి పాత కాగితం ఒక్కటి చూపించండి అంది కోర్టు. సోమవారం వాయిదా. చూపించలేకపోతే గంగామణి ఆ ఇల్లూ పొలమూ వదిలి పోవాల్సిందే.

"లేదు గంగామణీ" అన్నాడు భోజన్న, గడప అవతల నిలబడ్డ ఆమెతో. "నలభై ఏండ్ల రిజిస్టర్లు చూసిన. రాఘవులు ఉన్నడు. తమ్ముడు ఉన్నడు. చిలకమ్మ లేదు. కాగితంల లేని మనిషిని నేనేడికెల్లి తేవాలె?"

"లేకుంటె నాకు అన్నం పెట్టిందెవరు తమ్మీ?"

గట్టిగా కూడా అనలేదు పాపం. నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగింది.

దస్తగీర్ సాబ్ భోజన్న రాసిన కాగితం అందుకుని చదివాడు. సంతకం పెట్టలేదు. రెండు మడతలు పెట్టి, దాంతో కాసేపు విసురుకున్నాడు.

"ఆమె పొలం పక్కోళ్లు ఎవరు?"

"తూర్పుకు కొల్లి వాళ్లు. పడమటికి ముత్తెన్న. దక్షిణానికి దర్గా భూమి. ఉత్తరానికి కాలువ."

"వాళ్ల కాగితాలు తే."

"వాళ్ల కాగితాల్ల వాళ్ల పేర్లుంటయి ఉస్తాద్!"

"ఉండనీ. తే."

భోజన్న సైకిలెక్కాడు. కొల్లి సీతారామయ్య రేకుపెట్టె తెరవడానికి గంటసేపు తటపటాయించాడు. "ఎందుకయ్యా మా కాగితాలు? కొంపదీసి మా పొలం కూడా వాళ్లదే అంటున్నారా ఏంటి?" ముత్తెన్న అయితే కాగితాలిచ్చి, తిరిగి ఇచ్చేదాకా సైకిల్ తన ఇంట్లో వదిలి పొమ్మన్నాడు. దర్గా చూసుకునే ముజావర్ పచ్చగుడ్డలో చుట్టిన కట్టను కళ్లకద్దుకుని చేతిలో పెట్టాడు. భోజన్న అన్నీ చంకన పెట్టుకుని, ఎండలో నాలుగు మైళ్లు నడిచి వచ్చాడు.

"దారిల చెట్టు కింద కూసోని అన్నీ చూసిన. అమ్మినోళ్లు, కొన్నోళ్లు, సాక్షులు. చిలకమ్మ లేదు."

"హద్దులు?"

"హద్దులు ఎవరు చదువుతరు ఉస్తాద్?"

ఆ మాటా నిజమే లెండి. దస్తావేజులో ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, సర్వే నంబరెంత అని చూస్తాం. తూర్పున ఫలానా, పడమర ఫలానా అని వచ్చేసరికి మన కళ్లు వాటంతటవే కిందికి జారిపోతాయి. ఆరేళ్లలో భోజన్న ఎన్ని వందల హద్దులు రాసి ఉంటాడో! ఒక్కటీ చదివి ఉండడు.

దస్తగీర్ సాబ్ లేచాడు. మోకాళ్లు పట్టుకుంటే "యా అల్లా" అనుకుని, గదిలో చాప చుట్టి పక్కన పెట్టాడు. కొల్లి వాళ్ల కాగితాలు తూర్పు గోడ వైపు పరిచాడు. ముత్తెన్నవి పడమటి వైపు. దర్గావి గుమ్మం దగ్గర, దక్షిణాన. ఉత్తరానికి ఏమీ మిగల్లేదు. కాలువకు దస్తావేజు ఎవరు రాస్తారు? భుజం మీది తువ్వాలు తీసి, పొడుగ్గా అక్కడ పరిచాడు.

మధ్యలో నేల ఖాళీగా ఉంది.

"అండ్ల నిలబడు. ఏండ్ల వరసన తీసి చదువు. హద్దులే చదువు."

భోజన్న మధ్యలో నిలబడ్డాడు. ముందు తూర్పుకు వంగాడు.

"పంతొమ్మిది వందల ముప్పై ఎనిమిది. పడమర, రాఘవులు పొలం." కాగితం పెట్టేసి ఇంకోటి తీశాడు. "నలభై. పడమర, రాఘవులు బేవా గుడిసె, ముండ్లపొదలు."

బేవా అంటే వితంతువు. భోజన్న ఒక్క క్షణం తలెత్తి ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ తువ్వాలు ముడత సరిచేస్తున్నాడు.

పడమటికి తిరిగాడు. "నలభై ఆరు. తూర్పు, బేవా చిలకమ్మ జొన్నచేను."

"జొన్నలే ఏసేది ముందల" అంది గంగామణి గడప అవతల నుంచి. "కాలువ పక్కనే ఉన్నా నీళ్లు ఆమె దాక రానిచ్చేటోళ్లు కాదట."

దక్షిణం. "యాభై రెండు. ఉత్తరం, చిలకమ్మ తవ్వించిన బావి. ఉరుసుకు వచ్చేటోళ్లు అండ్ల నీళ్లు తాగొచ్చు."

"రాయి పడి ఇరవై దినాలు ఆగిందట ఆ బావి! తానే దిగి తట్ట మోసిందట. ఎన్నిసార్లు చెప్పిందో. నేను నిద్రపోతుంటె గూడ చెప్పేది."

మళ్లీ తూర్పు. భోజన్న ఇప్పుడు గబగబా చదవడం లేదు. "యాభై ఏడు. పడమర, చిలకమ్మగారి వరిమడి, మూడు నారింజ చెట్లు."

ఎప్పుడు రాలిపోయిందో గాని, ఇందులో బేవా అన్న మాట లేదు. "గారు" వచ్చి చేరింది. గంగామణికి అదేం తెలుసు? ఆమె నారింజ చెట్ల దగ్గరే ఆగిపోయింది. "ఒకటి పిడుగు పడి పోయింది. రెండున్నయి. ఇప్పటికీ కాస్తయి."

పడమటి వైపు ఇంకొక్క కాగితం మిగిలింది. ముత్తెన్న తన బిడ్డకు రాసిన దానపత్రం. భోజన్న వంగి తీశాడు. లోలోపల ఒకసారి, మళ్లీ ఒకసారి చదువుకున్నాడు.

"చదువు" అన్నాడు దస్తగీర్ సాబ్.

"అరవై ఐదు. తూర్పు, చిలకమ్మగారి పొలం. ఆమె... ఆమె కూతురు గంగామణి పశువుల కొట్టం."



"ముత్తెన్న కాక రాసిండా?" అంది గంగామణి. "కూతురని? పేడ వాసనొస్తున్నదని నాతోని రోజూ కొట్లాడెటోడు. ఆడు రాసిండా?"

"రాసిండు" అన్నాడు భోజన్న. "సాక్షి సంతకాలు గూడ ఉన్నయి."

దస్తగీర్ సాబ్ గడప వైపు చూశాడు. "అక్కడెందుకమ్మా నిలబడ్డవు? లోపలికి రా."

గంగామణి కొంగు బిగించుకుంది. తిన్నగా రాలేదు. దర్గా కాగితాలకూ కొల్లి వాళ్ల కాగితాలకూ మధ్య జానెడు సందుంది. అటుగా చుట్టి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చింది. పొలానికి వెళ్లే గట్టు అసలు అటే ఉందట మరి. వచ్చి పడమటి పక్కగా, తన కొట్టం ఉండే చోట నేల మీద కూర్చుంది. కూర్చుని నేలను అరచేత్తో ఒకసారి తుడిచింది.

"ఆ ఆఖరుది ఇంకోసారి చదువు తమ్మీ."

భోజన్న కాగితం మళ్లీ ఎత్తాడు. కళ్ల ముందు అక్షరాలు సరిగా నిలవడం లేదు. అది ఎవరికీ తెలియకూడదనుకున్నాడో ఏమో, గడగడా మొదలుపెట్టాడు.

"నిదానం బేటా" అన్నాడు దస్తగీర్ సాబ్. "చిలకమ్మగారి పొలంల నిలబడ్డవు."