క్రోమియం ఇంటి అరుగు

ఒకప్పుడు బోరానుకు సొంత ఇల్లు లేదు. ఒక బూడిదరంగు పొడిలో తల దాచుకుని, ఎవరైనా రమ్మంటారేమోనని చూస్తూ ఉండేది. ఎవరూ అనేవారు కాదు.

ఆ రోజుల్లో భద్రాచారి అనే కమ్మరి ఉండేవాడు. పని బాగా వచ్చు, కానీ ఒట్టి తొందర మనిషి. ఒక ఉదయం రైతు సుంకులమ్మ అరిగిపోయిన రెండు నాగలి కర్రులు తెచ్చి అతని ముందు పెట్టింది.

“ఆచారీ, వాన పడింది. పదును ఆరకముందే ఇత్తనం పడాల. నా చేనంతా గులకరాళ్లే, పూటకో కర్రు అరిగిపోతాంది. ఈసారి ఇత్తనం పడకుంటే నా పిల్లోళ్లకు గింజలుండవప్పా!”

“రేపటికి గట్టివి ఇస్తా అక్కా, దిగులు పడాకు” అన్నాడు భద్రాచారి.

కొత్త కర్రులు రెండు చేశాడు. ఒకటి ఉట్టి ఇనుముది. ఇనుము చాలక రెండోది క్రోమియం బాగా కలిసిన ఉక్కుతో చేశాడు. రెండింటినీ ఇనప పెట్టెలో పెట్టి, గట్టిపడతాయేమోనని చుట్టూ బోరాను పొడి కూరాడు. మూత పెట్టి, గాలి దూరకుండా సందులకు బంకమట్టి మెత్తాడు.

ఆ మట్టి ఆరాలి కదా! ఆరనిస్తేనా? పచ్చిగా ఉండగానే పెట్టెను కొలిమిలోకి తోశాడు. వేడికి మట్టి టప్పున పగిలింది.

గాలి సంగతి మీకు తెలిసిందే, సందు దొరికితే చాలు. “బోరానూ, దొరికావు! నిన్ను కాల్చి పారేస్తా!” అంటూ లోపలికి దూరింది.

బోరాను హడలిపోయి ఇనుము తలుపు తట్టింది. “నా ఇల్లంతా ఖాళీయే. ఎంత లోపలికి రావాలంటే అంత రా” అంది ఇనుము. సగం బోరాను పరుగున వెళ్లి, లోపల రంపపు పళ్లలా దిగబడింది.

మిగతా సగం ఉక్కు దగ్గరికి పరిగెత్తింది. అక్కడ గుమ్మం నిండా క్రోమియమే.

“లోపల కిక్కిరిసి ఉన్నాం. నువ్వు తోసుకొస్తే ఇల్లు పగులుతుంది” అంది క్రోమియం.

బోరానుకు ఏడుపొచ్చింది. “అయితే నా పని అయిపోయినట్టేనా?”

“నిన్ను గాలికి వదిలేస్తామా? అరుగు మీద సర్దుకో. మేమే వచ్చి చెయ్యి పట్టుకుంటాం.”

బోరాను, క్రోమియం చెయ్యీ చెయ్యీ పట్టుకుని, అరుగు మీద సందు లేకుండా ఒక్క వరసలో కూర్చున్నాయి. గాలి ఎంత ఊదినా ఏమీ చేయలేకపోయింది.

మర్నాడు పగిలిన మట్టి చూసి భద్రాచారి తల పట్టుకున్నాడు. భయపడుతూనే కర్రుల మీద ఆకురాయి పెట్టి రుద్దాడు. రెండింటి మీదా అది గీతైనా పడకుండా జర్రున జారిపోయింది!

సుంకులమ్మ చేను దున్నింది. రాళ్లు ఎంత కొట్టినా కర్రులు అరగలేదు. సాయంత్రానికి విత్తనమంతా నేలలో పడింది. ఆమె రెండు కర్రులనూ కళ్లకద్దుకుని, “నా పిల్లోళ్ల కడుపు నింపినారు, సల్లగుండండి” అంది.

అప్పుడు క్రోమియం బోరానుతో, “రోజంతా మాకు తగలాల్సిన దెబ్బలు నువ్వే తిన్నావు. ఇరుక్కుని అయినా చోటు చేస్తాం, లోపలికి రా” అంది.

“వద్దు. దిక్కులేనినాడు మీరు చెయ్యి పట్టుకున్నారు, అది చాలు నాకు. దెబ్బలు నాకే తగలనీ, మీరు లోపల చల్లగా ఉండండి” అంది బోరాను.

అప్పటినుంచే, ఉట్టి ఇనుములోకి పళ్లు దించి లోతుగా వెళ్లే బోరాను, క్రోమియం ఎక్కువున్న ఉక్కు మీద మాత్రం పల్చగా, సమంగా, రాయికంటే గట్టిగా గుమ్మంలోనే నిలబడిపోతుంది.