బుగ్గ ఉడికిన మధ్యాహ్నం

ఎర్రగుట్ట వెనక అడవిలో ఎండాకాలం కూడా ఎండని నీళ్ళు ఒక్కచోటే ఉండేవి. రాతిసందులోంచి ఊరే ఆ చిన్న మడుగుని అందరూ బుగ్గ అనేవారు. ఆ ఏడు వైశాఖంలో బుగ్గకి ఏదో పట్టుకుంది. ఉన్నట్టుండి నడిమధ్యలో బుడబుడమని బుడగలు లేచేవి. కాసేపు తెర్లి ఆగిపోయేవి.

మొదట చూసినవాడు నక్క కొండయ్య. మర్నాటికల్లా నుదుట ఎర్రమన్ను పూసుకుని కొండస్వామి అయిపోయాడు.

"అమ్మవారు లోపల అలిగి కూర్చుంది. ఆవిడ కోపం దిగేదాకా ఎవరూ మూతి పెట్టకూడదు. నైవేద్యం గట్టుమీద పెట్టి వెళ్ళండి, నేను అందజేస్తాను," అన్నాడు.

ఎవరైనా అనుమానంగా చూస్తే స్వామి నీటి అంచుకి దిగి మంత్రం గొణిగేవాడు. వెంటనే బుడగలు లేచేవి. చూసినవాళ్ళు హడలిపోయి పీతలూ, పిట్టగుడ్లూ తెచ్చి పెట్టేవారు. ఆ నైవేద్యం అమ్మవారికి అందిందో లేదో గానీ, స్వామికి మాత్రం పొట్ట వచ్చింది.

గేదె చుక్కమ్మకి ఇది నవ్వులాటగా లేదు. ఈని నెల దాటలేదు. నీళ్ళకోసం రోజూ రెండు కోసుల దూరం ఏటికి పోవాలి. దూడ సగం దారిలోనే చతికిలబడేది. ఆ రోజు పొదుగుని ఎంత కుమ్మినా పాలు రాక, అది తలెత్తి తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపు చుక్కమ్మ తట్టుకోలేకపోయింది.

తిన్నగా కొంగ శేషాచలం దగ్గరికి వెళ్ళింది. ఆయన పట్నంలో ఏదో కాలేజీ పక్క చెరువులో నాలుగేళ్ళు ఉండి వచ్చినవాడు. మామూలుగా ఒంటికాలిమీద నిలబడేవాడు, దేవుడి మాటెత్తితే ఆ ఒంటికాలిమీదే లేచేవాడు.

"అమ్మవారూ లేదు, అయ్యవారూ లేదు. భూమి లోపల అగ్ని ఉంది. నీళ్ళు మరుగుతున్నాయి. అదీ శాస్త్రం!"

"అయితే నీళ్ళు వేడిగా ఉన్నాయా పంతులుగారూ?"

"ఉండి తీరాలి."

"ముట్టుకుని చూశారా?"

"కాలు కాలదూ?" అని కసిరాడు కొంగ. "మూడేళ్ళు దూరంనుంచి గమనించాలి. అప్పటిదాకా ఎవరూ తాగకపోవడమే క్షేమం."

"ఆయనా తాగొద్దన్నాడు, ఈయనా తాగొద్దన్నాడు. మరి ఇద్దరికీ పోట్లాటెందుకో," అని గొణుక్కుంటూ చుక్కమ్మ బుగ్గ దారి పట్టింది.

మిట్టమధ్యాహ్నం. స్వామి పొదలో గుర్రు పెడుతున్నాడు. చుక్కమ్మ, "తల్లీ, నా బిడ్డ మొహం చూసి నన్నొదిలెయ్," అని మొక్కుకుని ముందుకాలు నీళ్ళలో పెట్టింది. కిందటి వానలకి కొట్టుకొచ్చిన ఆకులు అంచునుంచి నడుమదాకా పరుపులా పేరుకుని కుళ్ళిపోయాయి. ఆ పరుపులోకి కాలు కస్సున దిగబడింది. నడిమధ్యలో బుడగలు!

చటుక్కున కాలు లాక్కుంది. బుడగలు ఆగాయి. మళ్ళీ పెట్టింది. బుడబుడ. తీసింది. చప్పుడు లేదు.

"ఓర్నీ!" అనుకుంది చుక్కమ్మ. పక్కనే బురదలో, స్వామి మంత్రం గొణిగే చోట, నక్క అడుగులు లోతుగా దిగి ఉన్నాయి. నీళ్ళు మంచులా ఉన్నాయి. కడుపునిండా తాగింది. కడుపు నిండాక కోపం వచ్చింది.

మర్నాడు అందరూ నైవేద్యాలతో వచ్చిన వేళకి తనూ దూడని వెంటబెట్టుకుని వచ్చింది.

"స్వామీ, నేను అమ్మవారిని ఒక్క మాట అడగొచ్చా?"

"అడుగు తల్లీ," అన్నాడు స్వామి, రాతిమీద కూర్చుని గుడ్డు చప్పరిస్తూ.

చుక్కమ్మ నీటి అంచున నిలబడి గొంతెత్తింది. "తల్లీ! నీ నైవేద్యం ఎవరైనా కాజేస్తుంటే ఒక్కసారి ఉడుకు!" అంటూ నాలుగు కాళ్ళూ ఎత్తి ఆకుల పరుపుమీద పడింది.

అంత బరువు దానిమీద ఎన్నడూ పడలేదు. బుగ్గ మొత్తం కుతకుతలాడిపోయింది. అన్ని తలలూ స్వామివైపు తిరిగాయి. గుడ్డు ఇంకా నోట్లోనే ఉంది.

"అమ్మవారే చెప్పింది! పట్టుకోండి!" అని అడవిపంది కోరలు సాచి దూకింది.

"అమ్మవారూ లేదు, మన్నూ లేదు!" నక్క కెవ్వుమన్నాడు. "కుళ్ళిన ఆకుల కింద గాలి ఉంటుంది, తొక్కితే పైకొస్తుంది! ఆ గేదె తొక్కింది! నెలరోజులుగా నేను తొక్కుతున్నదీ అదే కదా!"

అన్నాక గానీ ఏమన్నాడో తనకి తెలియలేదు. తెలిసేసరికి పంది తోకదాకా వచ్చేసింది. గుట్ట దాటేదాకా నక్క వెనక్కి తిరిగి చూడలేదు.

ఈ గోలలో, గమనించడానికని వచ్చి నిలబడ్డ కొంగ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అడగ్గానే బుగ్గ ఉడకడం చూసి ఆయన అంచున సాష్టాంగపడ్డాడు. కళ్ళు గట్టిగా మూసుకుని, "తల్లీ, తెలియక వాగాను, చల్లగా చూడు," అంటున్నాడు. నక్క అరిచిన శాస్త్రం ఆయన చెవిన పడనేలేదు.

చుక్కమ్మ ఆయన్ని మూతితో మెల్లిగా పొడిచింది. "కాస్త పక్కకి జరగండి పంతులుగారూ. నా దూడకి దాహంగా ఉంది."

నీతి: స్వామి చెప్పినా పండితుడు చెప్పినా, కాలు పెట్టి చూసుకున్నవాళ్ళకే లోతు తెలుస్తుంది.